స్టార్ లేని సినిమాకి రిలీజ్‌కి ముందు ఆన్‌లైన్‌లో బజ్ ఎలా వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: మీ బావమరిది తీసిన సినిమా ఇంకో మూడు నెలల్లో రిలీజ్. హీరో హీరోయిన్లిద్దరూ కొత్తవాళ్లు, ప్రమోషన్‌కి మిగిలిన డబ్బు కొంచెమే. పెద్ద హీరోల సినిమాలకి ఫ్యాన్స్, బ్లాగర్లు, మీమ్ పేజీలు కలిసి ముందునుంచే అంత హడావుడి ఎలా చేస్తున్నారు, డబ్బులిచ్చి అదే మీ సినిమాకీ చేయించుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. డబ్బిస్తే నంబర్లు వస్తాయి, టికెట్లు తెగే బజ్ మాత్రం అలా రాదు. జనం ఒక సినిమా గురించి ముందే మాట్లాడుకోవాలంటే వాళ్ల చేతికి ఏదో ఒక చిన్న ముక్క దొరకాలి. పాటైనా సరే, డైలాగైనా సరే, ఒక ప్రశ్నైనా సరే. దాన్ని వాళ్లు తమకి తోచినట్టు వాడుకోగలగాలి, అయినా దాని సంగతి పూర్తిగా తేలాలంటే థియేటర్‌కి వెళ్లక తప్పకూడదు. ఈ చివరి షరతు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, కింద వివరంగా రాస్తాను.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా సినిమాల డిజిటల్ ప్రమోషన్ పని చేస్తున్నాను, ఎక్కువగా చిన్న, మధ్య రకం సినిమాలకి. అంతకుముందు కాలేజీ రోజుల్లో ఒక పెద్ద హీరో ఫ్యాన్స్ ట్రెండ్ టీమ్‌లో ఉండేవాణ్ని. ఏ హీరో అని అడక్కండి, కింద కామెంట్లలో యుద్ధం మొదలవుతుంది.

ముందు పెద్ద హీరోల సంగతి. బయటనుంచి చూస్తే ఆ హడావుడి అంతా దానంతటదే పొంగుకొచ్చినట్టు ఉంటుంది, కానీ వెనక చాలా క్రమశిక్షణ ఉంటుంది. హీరో పుట్టినరోజుకి వారం పదిరోజుల ముందే సీడీపీ, అంటే ఫ్యాన్స్ అందరూ పెట్టుకునే ఒకే ప్రొఫైల్ ఫొటో, డిజైన్ రెడీ అవుతుంది, దాన్ని ఎవరో ఒక డైరెక్టర్‌తోనో నటుడితోనో రిలీజ్ చేయిస్తారు, ఆ నిమిషం నుంచి వేలమంది ప్రొఫైల్ ఫొటో అదే. ట్రెండ్ రోజున హ్యాష్‌ట్యాగ్ ఏంటో చివరి నిమిషం దాకా బయటపెట్టరు. "సాయంత్రం ఆరింటికి ట్యాగ్ వస్తుంది, అందరూ డ్రాఫ్ట్‌లు రాసి పెట్టుకోండి" అని మాత్రమే టెలిగ్రామ్ గ్రూపుల్లో మెసేజ్ తిరుగుతుంది. ఎందుకంత రహస్యం అంటే, ట్విటర్ (ఇప్పటి ఎక్స్) ట్రెండింగ్ లెక్క మొత్తం ఎన్ని ట్వీట్లు పడ్డాయనే దానికన్నా ఎంత హఠాత్తుగా పెరిగాయనే దానికి ఎక్కువ విలువిస్తుంది. పొద్దున్నుంచీ కొంచెం కొంచెంగా వాడేసిన ట్యాగ్ సాయంత్రానికి పాతబడిపోతుంది. అందుకే ముందే లీక్ చేసినవాణ్ని గ్రూపులో తిట్టిపోస్తారు. ఒకే ట్వీట్‌ని కాపీ పేస్ట్ చేస్తే స్పామ్ కింద పోతుంది కాబట్టి ట్యాగ్ పక్కన ప్రతిసారీ కొత్త మాటలు రాయాలి. రాత్రి ఒంటిగంట దాకా ఆ మాటలు వెతుక్కుంటూ కూర్చునే కుర్రాళ్లకి ఎవరూ పైసా ఇవ్వరు, వాళ్లు అడగరు కూడా.

అప్‌డేట్ ఆలస్యమైతే అదే సైన్యం సొంత నిర్మాతల మీదకే తిరుగుతుంది. ప్రొడక్షన్ హౌస్ పేరు ముందు 'వేకప్' అని పెట్టి ట్యాగ్ నడపడం మన దగ్గర మామూలైపోయింది. చూసేవాళ్లకి అది కోపంలా కనిపిస్తుంది గానీ, టీమ్‌కి దానివల్ల లాభమే. పోస్టర్ కూడా లేని సినిమా పేరు దేశమంతా ట్రెండింగ్‌లో కనిపిస్తుంది కదా. పవన్ కల్యాణ్ 'ఓజీ' సంగతి చూడండి. 2023 సెప్టెంబరు 2న గ్లింప్స్ (చిన్న పరిచయ వీడియో) వచ్చింది, సినిమా వచ్చింది 2025 సెప్టెంబరు 25న. మధ్యలో రెండేళ్లు. ఆ రెండేళ్లలో పవన్ కల్యాణ్ రాజకీయ సభల్లో మాట్లాడుతున్నా, డిప్యూటీ సీఎం అయ్యాక అధికారిక పర్యటనల్లో ఉన్నా, కింద నుంచి "ఓజీ, ఓజీ" అని అరుపులే. రెండక్షరాల పేరు కాబట్టి అరవడానికి అంత సులువుగా ఉంది. టైటిల్ పెట్టేటప్పుడు ఇది కూడా చూసుకోవాలని నేను ప్రతి డైరెక్టర్‌కీ చెప్తాను, ఎవరూ వినరు. నాలుగు మాటల సంస్కృత సమాసం పెట్టి, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో వాళ్లకే తెలియక పోస్టర్‌లో ఒకలా, ట్యాగ్‌లో ఇంకోలా వేస్తారు. జనం ఏ స్పెల్లింగ్‌తో వెతకాలి?

ఇదంతా మీకు ఎందుకు చెప్పానంటే, ఇది మీరు కొనలేరు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఒక హీరో మీద పేరుకున్న అభిమానం అది. కొత్త హీరో సినిమాకి ట్యాగ్ ట్రెండ్ చేసిపెడతామని ఎవరైనా ప్యాకేజీ చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఓ గంట సేపు ఇండియా ట్రెండింగ్‌లో మీ సినిమా పేరు కనిపిస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మీ బావమరిది స్టేటస్ పెట్టుకుంటాడు. ఆ ట్వీట్లు వేసిన అకౌంట్లు తెరిచి చూస్తే నిన్న ఒక షాంపూకి, మొన్న ఒక పార్టీకి వేసినవే ఉంటాయి.

యూట్యూబ్ నంబర్లూ అంతే. టీజర్‌కి 24 గంటల్లో ఇన్ని మిలియన్లు అనే పోస్టర్లలో ప్రకటనగా నడిపించిన వ్యూస్ ఎన్ని, మనిషి కావాలని నొక్కి చూసినవి ఎన్ని అనేది బయటవాళ్లకి తెలియదు. పాటల విషయంలో ఈ గోల ముదిరిపోయే 2019లో యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టులకీ 24 గంటల రికార్డులకీ ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్ ఇక లెక్కలోకి తీసుకోబోనని ప్రకటించింది. ఇంకో హీరో ఫ్యాన్స్ పనిగట్టుకుని డిస్‌లైకులు కొట్టే ఆట కూడా ఉండేది, 2021 నవంబరులో ఆ అంకె కనపడకుండా చేశాక అది చల్లబడింది. నేను వ్యూస్ చూడను. కామెంట్లు చూస్తాను. అందులోనూ "సూపర్ బ్రో, బ్లాక్‌బస్టర్ లోడింగ్" లాంటివి వదిలేసి, "1:12 దగ్గర ఆ ముసలాయన ఎవరు?" లాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాను. టైమ్ వేసి మరీ అడిగారంటే రెండోసారి వెనక్కి వెళ్లి చూశారని అర్థం. ఇంకోటి, ఆ వీడియో లింక్ వాట్సాప్ నుంచి ఎంతమంది తెరిచారో మీ ఛానెల్ లెక్కల్లో కనిపిస్తుంది, అది చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆన్‌లైన్ బజ్ గురించి ఎవరు అడిగినా నేను చెప్పే కథ మన తెలుగు సినిమాది కాదు, హాలీవుడ్‌ది. 'స్నేక్స్ ఆన్ ఎ ప్లేన్', 2006 ఆగస్టు 18న రిలీజైంది. విమానంలో పాములు, అంతే కథ. 2005లో జాష్ ఫ్రీడ్‌మన్ అనే స్క్రీన్ రైటర్ తన బ్లాగులో ఆ టైటిల్ గురించి సరదాగా రాశాడు. అక్కణ్నుంచి ఆ పేరే ఒక జోకైపోయింది. లా చదువుతున్న ఒక కుర్రాడు ప్రీమియర్‌కి తనని పిలవాలన్న ఆశతో దానికోసం ప్రత్యేకంగా బ్లాగు మొదలుపెట్టాడు. జనం సొంతంగా పోస్టర్లు, పాటలు, ఉత్తుత్తి ట్రైలర్లు, టీషర్టులు చేశారు. స్టూడియో మధ్యలో టైటిల్‌ని 'పసిఫిక్ ఎయిర్ ఫ్లైట్ 121' అని మార్చబోతే, ఆ పేరు చూసే ఈ సినిమా ఒప్పుకున్నానని హీరో శామ్యూల్ జాక్సన్ పట్టుబట్టి పాతదే ఉంచేలా చేశాడు. ఇంకా విడ్డూరం ఏంటంటే, 2006 మార్చిలో స్టూడియో మళ్లీ ఐదు రోజులు షూటింగ్ పెట్టింది. రక్తం, బూతులు పెంచి ఆర్ రేటింగ్ (పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదు) వచ్చేలా చేసింది, నెట్‌లో జనం జాక్సన్ నోట ఊహించుకున్న డైలాగుని కూడా సినిమాలో పెట్టింది. అభిమానులు ఒక సినిమాని రిలీజ్‌కి ముందే ఇంతగా మార్చడం అప్పటికి కొత్త.

ఇంత చేస్తే మొదటి వీకెండ్ అమెరికాలో వచ్చింది దాదాపు కోటిన్నర డాలర్లు. అందరూ ఊహించినదానికి చాలా తక్కువ. తర్వాత వారం నుంచి ఇంకా పడిపోయింది.

ఎందుకలా అయింది అంటే రకరకాలుగా చెప్తారు. నాకనిపించేది ఒకటే, ఆ జోకు టైటిల్ దగ్గరే పూర్తయిపోయింది. విమానంలో పాములు అని నవ్వుకున్నాక థియేటర్‌కి వెళ్లి తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. పోస్టర్లు చేసినవాళ్లు పోస్టర్లు చేసిన ఆనందంతోనే సరిపెట్టుకున్నారు.

దీని పక్కన 'బాహుబలి' పెట్టి చూడండి. 2015 జులై 10న మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే దాదాపు 22 నెలలు, దేశంలో ఆ ప్రశ్న మీద పడని జోకు లేదు. జీతం పెంచలేదని చంపాడు, బాకీ తీర్చలేదని చంపాడు, తెలుగు రాని ఉత్తరాదివాళ్లు కూడా వాళ్ల భాషలో వేసుకున్నారు. ఇక్కడా మీమ్‌లే, అక్కడా మీమ్‌లే. తేడా ఏంటంటే ఎన్ని జోకులేసినా అసలు సమాధానం రాజమౌళి దగ్గరే ఉండిపోయింది. టీమ్ కూడా తెలివిగా ఆ ప్రశ్న ఇంగ్లీషు పొడి అక్షరాలతో ట్యాగ్ పెట్టి నడిపించింది తప్ప ఎక్కడా జవాబు జారనివ్వలేదు. రెండో భాగం వెయ్యి కోట్ల గ్రాస్ దాటిన మొదటి భారతీయ సినిమా అయింది. మొదటి భాగం అంత బాగా ఆడకపోయుంటే ఆ ప్రశ్న ఎవరికీ పట్టేది కాదు, అది వేరే సంగతి.

మీది సీక్వెల్ కాదు, కట్టప్ప లేడు, నిజమే. చిన్న సినిమాలకి ఈ పని చేసిపెట్టేది పాట. తెలుగువాళ్లకి పాట పట్టేస్తే చాలు, సినిమా మీద నమ్మకం దానంతటదే వస్తుంది. 'గీత గోవిందం' 2018 ఆగస్టు 15న రిలీజ్, 'ఇంకేం ఇంకేం కావాలే' లిరికల్ వీడియో (పాట మాటలు తెరమీద పడేది) అంతకు నెల ముందే వచ్చింది. ఆ నెలరోజులూ ఏ కాలేజీ ఫ్రెషర్స్ డే చూసినా, ఏ పెళ్లి వీడియో చూసినా అదే పాట. 'సామజవరగమన' అయితే సినిమాకి మూడున్నర నెలల ముందే, 2019 సెప్టెంబరు చివర్లో వదిలారు, సినిమా ('అల వైకుంఠపురములో') 2020 సంక్రాంతికి. పాట విన్నవాడు దాన్ని తెర మీద ఎలా తీశారో చూడాలనుకుంటాడు. అందుకే లిరికల్ వీడియోలో విజువల్స్ అన్నీ పెట్టేయకండి. ఇది చెప్తే కెమెరామెన్‌లు బాధపడతారు గానీ, నేను పనిచేసిన ఒక పల్లెటూరి సినిమాలో జాతర పాట మొత్తాన్ని రెండు స్టిల్స్‌తో, అక్షరాలతో వదిలాం. "వీడియో ఎప్పుడు?" అన్న కామెంట్లు రోజూ వస్తుంటే నిర్మాతకి ఆత్రం, పెట్టేద్దామని. ఆపాం. రిలీజ్ రోజు మొదటి ఆట నుంచి జనం ఆ పాటకే ఫోన్లు పైకెత్తి తీసుకున్నారు, ఆ వీడియోలే మళ్లీ తిరిగాయి.

తర్వాత మీమ్ పేజీలు. వీటిని నేను తక్కువ చేసి మాట్లాడను. తెలుగు మీమర్లంత చురుకైనవాళ్లు దేశంలోనే తక్కువమంది ఉంటారు, బ్రహ్మానందం మొహంలో ప్రతి కదలికనీ ఒక వాక్యంగా మార్చి పెట్టిన ఘనులు వీళ్లు. కానీ డబ్బులిచ్చి వేయించిన మీమ్ మీమ్‌లా ఉండదు. ఒకే రోజు, ఒకే టైమ్‌కి, ఇరవై పేజీల్లో, ఒకే క్యాప్షన్‌తో "ట్రైలర్ చూశాక మామా... గూస్‌బంప్స్" అని పడుతుంది. చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది, కూలికి పెట్టుకున్న భజన బృందంలా. కింద కామెంట్లలో "ఎంత ఇచ్చారు బ్రో?" అని ఉంటుంది. ఓసారి ఒక ఏజెన్సీ ఇలాగే మా సినిమాకి చేసింది. పైగా క్యాప్షన్‌లో పాత క్లయింట్ సినిమా పేరు తీయడం మర్చిపోయి రెండు పేజీల్లో అలాగే పోస్ట్ చేశారు. ఆ స్క్రీన్‌షాట్ మాత్రం బాగా వైరల్ అయింది.

డబ్బు బదులు మెటీరియల్ ఇవ్వండి. మీ సినిమాలోంచి పది పదిహేను ఎక్స్‌ప్రెషన్ స్టిల్స్ తీయండి, పేర్లు, లోగో, రిలీజ్ డేట్ ఏమీ లేకుండా శుభ్రంగా. తెల్లబోయిన మొహం, కోపం ఆపుకుంటున్న మొహం, అన్నం తింటూ ఆగిపోయిన మొహం, ఇలాంటివి. రెండు సెకన్ల డైలాగ్ బిట్లు కూడా. వాటిని ఓ డ్రైవ్‌లో పెట్టి ఎవరైనా వాడుకోండని వదిలేయండి. హీరోవే ఉండక్కర్లేదు, నిజానికి హీరోవి పనికిరావు కూడా, ఎప్పుడూ అందంగానే ఉంటాడు కాబట్టి. నేను చేసిన ఒక సినిమాలో సర్పంచి వేషం వేసిన నాటకాల నటుడు "సరే, నాకెందుకులే" అని మొహం తిప్పుకునే ముక్క ఒకటి ఇలా ఇచ్చాం. క్రికెట్ మ్యాచ్ ఓడినా అదే, ఆఫీసులో అప్రైజల్ వచ్చినా అదే, కరెంటు బిల్లుకీ అదే. అది ఏ సినిమాలోదని అడగడం మొదలైంది. మీకు కావాల్సింది ఆ అడగడం. అంతేగానీ కాపీరైట్ స్ట్రైకులు కొట్టకండి. చిన్న సినిమాల మ్యూజిక్ లేబుళ్లు ఒక్కోసారి ఫ్యాన్ ఎడిట్‌ల మీద క్లెయిమ్ వేసి తీయించేస్తుంటాయి, మీ ఒప్పందంలో ఈ విషయం ముందే మాట్లాడుకోండి.

బ్లాగర్ల గురించి అడిగారు. కూడలి, నవతరంగం లాంటి తెలుగు వెబ్‌సైట్లు నడిచిన రోజుల్లో తెలుగు బ్లాగర్లు సినిమా మీద నాలుగు పేజీలు రాసేవాళ్లు, చదివేవాళ్లు వందల్లోనే అయినా ఆ వందమందీ పక్కవాళ్లకి చెప్పేవాళ్లు. ఇప్పుడా పాత్ర యూట్యూబ్ రివ్యూవర్లకీ, ఇన్‌స్టా పేజీలకీ, అమెరికా నుంచి ట్వీట్లు వేసే అకౌంట్లకీ మారింది. వీళ్లలో రెండు రకాలు. రేటు కార్డు పంపేవాళ్లు ఒకరు. డబ్బు తీసుకుని చేసే పోస్టుకి ప్రకటన అని స్పష్టంగా రాయాలని ప్రకటనల స్వీయనియంత్రణ సంస్థ ఆస్కీ 2021లోనే నియమాలు పెట్టింది, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలిచ్చింది. పాటించేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. మీరు మాత్రం రాయమనే చెప్పండి, దొరికిపోతే పోయేది సినిమా పరువే. రెండో రకం, డబ్బు తీసుకోని మొండివాళ్లు. వీళ్లకి పదివేల ఫాలోవర్లే ఉంటారు, కానీ వాళ్లు బాగుందంటే ఆ పదివేలలో సగం నమ్ముతారు. వీళ్ల దగ్గరికి ప్రెస్ నోట్‌తో వెళ్లకండి. డైరెక్టర్‌నే మాట్లాడమనండి, సినిమా గురించి కాకపోయినా పర్వాలేదు, సౌండ్ గురించో, ఆ ఊళ్లో షూటింగ్ గురించో.

చిన్న సినిమాకి నాకు తెలిసిన అన్నిటికన్నా గట్టి పద్ధతి మాత్రం ముందే చూపించేయడం. 2016 జులై 29న 'పెళ్ళిచూపులు' రిలీజ్ కాకముందే ప్రీమియర్ షోలు వేశారు. చూసినవాళ్లు ఊరికే కూర్చోలేకపోయారు, ఫేస్‌బుక్ నిండా పోస్టులే. సినిమా థియేటర్లలోకి వచ్చేసరికి టాక్ రెడీగా ఉంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'కి కూడా అంతే, విశాఖలో ఆ ఊరి మనుషులే ఎక్కువమంది నటించిన సినిమా, చెప్పుకోవడానికి ఒక్క స్టార్ లేడు, ముందు చూసినవాళ్ల మాటే పోస్టరైంది. 2024 సంక్రాంతికి 'హనుమాన్' పెద్ద హీరోల సినిమాల మధ్యలో థియేటర్లు దొరక్క ఇబ్బందిపడుతూ కూడా ముందురోజే పెయిడ్ ప్రీమియర్లు వేసింది, ఆ టాక్‌తోనే తర్వాత థియేటర్లు పెరిగాయి. అయితే ఇది సినిమా మీద నమ్మకం ఉన్నవాళ్లు చేసే పని. సినిమా యావరేజ్ అని మీకు లోపల్లోపల అనిపిస్తుంటే ప్రీమియర్ వేయకండి, శుక్రవారం మార్నింగ్ షో కలెక్షన్ కూడా పోతుంది. బంధువులకి చూపించి బాగుందన్నారని వేయకండి. మీ బావమరిదిని తెలియని ఒక యాభైమందికి ముందు చూపించండి, ఇంటర్వెల్‌లో వాళ్లు ఫోన్లు తీసి ఏం చేస్తున్నారో చూడండి.

నెగటివిటీ గురించి భయపడుతున్నట్టు రాశారు. అన్ని నెగటివిటీలూ ఒకటి కాదు. 2017లో 'అర్జున్ రెడ్డి' పోస్టర్‌ని కాంగ్రెస్ నాయకుడు వీ హనుమంతరావు బస్సు మీద చించేసినప్పుడు అప్పటిదాకా ఆ సినిమా పేరు వినని ఇళ్లలో కూడా టీవీలో విన్నారు, ఆ సినిమా హీరో విజయ్ దేవరకొండ తాతయ్యా చిల్ అని పోస్ట్ పెట్టేసరికి కుర్రకారంతా ఆ పక్కకి వచ్చేసింది. అక్కడ గొడవ సినిమా క్వాలిటీ మీద కాదు కాబట్టి లాభించింది. అదే 2022 అక్టోబరులో 'ఆదిపురుష్' టీజర్ మీద పడిన ట్రోలింగ్ గ్రాఫిక్స్ మీద. అది సినిమానే కొట్టింది, సంక్రాంతి రిలీజ్ కాస్తా జూన్‌కి వెళ్లింది. తమాషా ఏంటంటే, నెలన్నర తర్వాత 'హనుమాన్' టీజర్ వస్తే, తక్కువ బడ్జెట్‌లో ఎంత బాగా చేశారో చూడండని జనమే రెండిటినీ పక్కపక్కన పెట్టి తిప్పారు. ఆ పోలిక ఏ పీఆర్‌వో రాసిచ్చినా అంత పనిచేసేది కాదు. మీ సినిమా మీద ట్రోల్ వస్తే ముందు చూడాల్సింది అది దేని మీద అని. హీరో హెయిర్ స్టైల్ మీదైతే మీరే ముందు నవ్వండి, 'జాతిరత్నాలు' టీమ్ తమ మీద తామే జోకులేసుకుని ఎంత దూరం వెళ్లిందో 2021లో చూశాం. డబ్బింగ్ బాగాలేదనో, సౌండ్ బాగాలేదనో పదిమంది అంటే మాత్రం గొడవకి దిగకుండా వెళ్లి బాగుచేయించండి, ఇంకా మూడు నెలలు టైముంది.

పైరసీ జరిగితే అభిమానులు ఏం చేయగలరో 'అత్తారింటికి దారేది' చెప్తుంది. 2013 సెప్టెంబరులో రిలీజ్‌కి ముందే దాదాపు గంటన్నర సినిమా నెట్‌లోకి వచ్చేసింది. అక్టోబరు 9న రావాల్సింది సెప్టెంబరు 27కే తెచ్చేశారు. ఈలోపు ఫ్యాన్స్ కనిపించిన లింకునల్లా రిపోర్ట్ కొట్టి తీయించడం, చూడొద్దని ఊళ్లో ప్రచారం చేయడం ఒక ఉద్యమంలా నడిచింది. సినిమా పెద్ద హిట్. చిన్న సినిమాకి అంత సైన్యం ఉండదు, అందుకే మీ ప్రివ్యూ లింకులు ఎవరెవరికి పంపుతున్నారో, ఒక్కో కాపీ మీద ఆ మనిషి పేరు వాటర్‌మార్క్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

అమెరికాలో ఎవరైనా డిస్ట్రిబ్యూటర్ దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి. అక్కడ ముందురోజు సాయంత్రం వేసే ప్రీమియర్లు వదిలే సమయానికి ఇక్కడ శుక్రవారం తెల్లవారుతుంది. మనవాళ్లు కాఫీ తాగుతూ చూసే మొదటి టాక్ డల్లాస్‌దో, న్యూజెర్సీదో అవుతుంది. అందులో "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్" అన్న ఒక్క లైన్ ఇక్కడ మార్నింగ్ షోని తగ్గించేయగలదు. పల్లెటూరి యాస, నేటివిటీ మీద నడిచే సినిమా అయితే ఇక్కడి బీ, సీ సెంటర్ల (చిన్న పట్టణాలు, పల్లెల థియేటర్ల) నుంచి వచ్చే టాక్ ముందు రావాలి. అప్పుడు అక్కడ ఒక షో ఆలస్యంగా వేసుకున్నా నష్టం లేదు.

హడావుడి పిచ్చి ముదిరితే ఏమవుతుందో కూడా ఒక్క మాట. 2024 సెప్టెంబరులో 'దేవర' ప్రీ రిలీజ్ ఈవెంట్ జనం ఎక్కువై రద్దయింది. అదే ఏడాది డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్ దగ్గర ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. మీ సినిమాకి అంత జనం రాకపోవచ్చు, కానీ కాలేజీ ఫెస్ట్‌లో పాట లాంచ్ పెట్టినా ఎంతమంది పడతారు, బయటికి వెళ్లే దారి ఎటు అని ముందు అడిగి తెలుసుకోండి.

ఇక మీ మూడు నెలలు. నేనైతే మొదటి నెల ఏ హడావుడీ చేయను. ఒక పాట, స్టిల్స్ ఫోల్డర్, టైటిల్‌కి ఒకే స్పెల్లింగ్, ఇవి రెడీ చేసుకుంటాను. రెండో నెలలో పాట వదిలి, దాన్ని ఏ జిల్లాలో ఎక్కువ వింటున్నారో చూస్తాను, ఎందుకంటే మీ మొదటి థియేటర్లు అక్కడే పడాలి. టీజర్ ఆ తర్వాతే. ఉన్న డబ్బులో పెద్ద వాటా ప్రీమియర్లకీ, టైర్ టూ ఊళ్లలో కాలేజీలు తిరగడానికీ ఉంచుతాను. కాకినాడ, వరంగల్, తిరుపతి లాంటి చోట్ల ఒక్కో కాలేజీలో పదిమంది ఎడిట్లు చేసే కుర్రాళ్లు కచ్చితంగా ఉంటారు, వాళ్లకి మీ డైరెక్టర్ ఫోన్ నంబర్ దొరికితే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. మీమ్ పేజీల ప్యాకేజీకి సున్నా. ప్రీ రిలీజ్ ఈవెంట్‌కి ఎవరో ఒక పెద్ద హీరోని పిలవడానికి తిరుగుతున్నామని రాశారు, వస్తే మంచిదే, కానీ ఆ సాయంత్రం ఫోటోలన్నిట్లో ఆయనే ఉంటాడు, మీ సినిమా ఉండదు. దానికోసం రిలీజ్ డేట్ మార్చుకోకండి.

మీ సినిమా ఏ ప్రాంతం కథ, పాటలు ఎన్ని పూర్తయ్యాయి, ఆడియో హక్కులు ఎవరికైనా ఇచ్చేశారా అన్నది రాయలేదు. ఆడియో ఇంకా అమ్మకపోతే సంతకం పెట్టేముందు ఒకసారి ఇక్కడ చెప్పండి, పాట ఏ తేదీన వదలాలన్న నిర్ణయం మీ చేతుల్లోనే ఉండేలా ఒప్పందంలో ఏం రాయించుకోవాలో చెప్తాను.